గృహిణియు గ్రాఫును



గడచిన మాసమున ఇంటి జమాఖర్చులను చిట్టాగా వ్రాసికొను పద్ధతిని గూర్చి ముచ్చటించుకొంటిమి. అది చదివి చిట్టా వ్రాయ నారంభించిన సోదరీమణులు కొందరు నాతో నిట్లనిరి: "అంకెలు వ్రాసితిమి, కూడితిమి. కాని పుట నిండ చీమలబారువలె నున్న యా యంకెలను జూచిన మాకేమియు తోచుటలేదు." వారి మాట నిజము. అంకెలు తమంత తాము మాటలాడవు. వాటికి నోరిచ్చు విద్య యొకటి కలదు. అదియే గ్రాఫు గీయుట. ఈ మాసమున దానిని గూర్చి నాకు తెలిసినంత చెప్పదలచితిని.

"ఆడువారికి ఈ లెక్కల గొడవ యేల?" అనువారు నేటికిని లేకపోలేదు. భారతమున ద్రౌపదీ సత్యభామల సంవాదమును చదివినవా రెరుగుదురు. పాండవుల ధనాగారమునకు వచ్చినదెంత, పోయినదెంత యను లెక్క సమస్తమును తానొక్కతెయే యెరిగియుంటినని ద్రౌపది సత్యభామతో చెప్పెను. పట్టమహిషికి తగిన పని మనకు తగని దెట్లగును?

మేము కొండాపూరులో కాపురముందుము. డాబా మీద వడియములు పెట్టుచు తలయెత్తినచో హైటెక్ సిటీ గాజు మేడలు కానవచ్చును. ఆ మేడలలో పనిచేయువారు దినమెల్ల కంప్యూటరు తెరలపై గ్రాఫులను జూచుచుందురట. ఆ విద్య వారిదే కాని మనది కాదని నేనును చాలకాలము తలచితిని. అయితే గ్రాఫులు మన గడప దాటి లోనికి వచ్చి యెంతో కాలమైనది. వార్తాపత్రికలో గ్రాఫు, చేతిలోని ఫోనులో గ్రాఫు, చంటిబిడ్డకు అంగన్‌వాడీలో ఇచ్చు కార్డుమీద గ్రాఫు, బడి వారు పంచు కరపత్రముమీద గ్రాఫు. వచ్చిన చుట్టమెవరో, యేమి కోరి వచ్చెనో తెలిసికొనక పీట వేయుట మంచిది కాదు గదా!

ఈ కరపత్రపు గ్రాఫు మా పొరుగింట ఎంత పని చేయబోయినదో వినుడు.

గత వేసవిలో మా పొరుగింటి యిల్లాలు ఒకనాటి మధ్యాహ్నము మా యింటికి వచ్చినది. ఆమె పెనిమిటి ఐ.టి. ఉద్యోగులను కచేరీలకు చేరవేయు కారు నడుపును. కూతురు తొమ్మిదవ తరగతి ముగించి పదిలోనికి వచ్చినది. ఆమె చేతిలో రంగుల కరపత్ర మొకటి యున్నది. మొగమున కలత యున్నది.

"అక్కయ్యా! నాతో కుదువ కొట్టువరకు రాగలవా? ఒక్కతెను పోవుటకు జంకుగా నున్నది," అని అడిగెను.

"ఏమి కుదువ పెట్టెదవు?" అంటిని.

ఆమె మాటలాడక చేతుల గాజులను తడివికొన్నది. అవి ఆమె పుట్టినింటివారు పెట్టిన నాలుగు బంగారు గాజులు. పిల్లను చిన్న బడి మాన్పించి, పెద్ద పాఠశాలలో చేర్పవలెనని ఆమె సంకల్పము. ఆ బడి ఫీజునకు గాజులు తప్ప వేరు దారి లేదు. పెనిమిటికి ఇది యిష్టము లేదు. మూడు దినములనుండి ఆ యింట మాటలు లేవు.

"ఈ బొమ్మ చూడు, అక్కయ్యా! తక్కిన బడులకంటె ఆ బడి మూడింతలు మేలు. బిడ్డ బ్రదుకు కంటె గాజులెక్కువా?" అని కరపత్రమును నా యెదుట పెట్టినది.

చూచితిని. అందు రెండు నిలువు పట్టీలు గీయబడియున్నవి. ఒకటి ఆ పాఠశాలది, బంగారు వన్నెది, తాడిచెట్టువలె నిలిచియున్నది. రెండవది "ఇతర పాఠశాలలు" అనబడునది, బూడిదవన్నెది. దాని పాదమున తుమ్మపొదవలె నణగియున్నది. నిజముగనే మొదటిది రెండవదానికి మూడింతలున్నది. పట్టీల నెత్తిన సన్నని యక్షరములతో అంకెలు వేసియుండిరి: పదవ తరగతి ఉత్తీర్ణత 98 శాతము, 94 శాతము.

తొంబదియెనిమిది తొంబదినాలుగునకు మూడింత లెట్లగును? పట్టీల పాదమును జూచితిని. అక్కడ సున్న లేదు. 92 అని యున్నది! మొదటి తొంబదిరెండు భాగములను భూమిలో పాతిపెట్టి, పైన మిగిలిన దానిని మాత్రమే మనకు చూపుచున్నారు. అట్లు చేయగా మొదటిది ఆరు భాగములు, రెండవది రెండు భాగములు మిగిలినవి. ఆరు రెండునకు మూడింతలే గదా! అంకె లబద్ధము కావు. బొమ్మయే మోసము.

మా వారు బడిలో లెక్కలు చెప్పుదురు. ఆ వేళ వారింట లేరు. మా అమ్మాయి గళ్ళ కాగితమును, పెన్సిలును దెచ్చి, అవే రెండంకెలకు సున్ననుండి మొదలుపెట్టి పట్టీలు గీచి చూపితిని. రెండును ఇంచుమించు సరిసమానముగా నిలిచినవి. పొరుగింటి యిల్లాలు ఆ కాగితమును చాలసేపు చూచినది. "ఇంతేనా?" అన్నది.

మరునాడు మేమిరువురము పిల్ల చదువు బడికి పోయి ప్రధానోపాధ్యాయురాలిని అడిగితిమి. అంతకు ముందటి యేడు ఏబదిమంది పరీక్ష వ్రాయగా నలువదియేడుగురు గట్టెక్కిరని ఆమె చెప్పెను. అనగా 94 శాతము. ఏబదిమందిలో 98 శాతమన్నను నలుబదితొమ్మిదిమంది. తేడా ఇద్దరు పిల్లలు. పెద్ద పాఠశాలలో ఎంతమంది పరీక్షకు కూర్చుండిరని కరపత్రమున లేదు, అడిగినను చెప్పలేదు.

పెద్ద పాఠశాల చెడ్డదని నే ననను. అక్కడ మంచి ప్రయోగశాల యుండవచ్చును, ఆటస్థల ముండవచ్చును. వాటికొరకు చేర్పదలచిన చేర్పవచ్చును. కాని లేని మూడింతల మేలును జూచి గాజులు కుదువ పెట్టరాదు. పిల్ల ఆ చిన్న బడిలోనే యున్నది. లెక్కలలో దానికి వెనుకబాటు కలదన్న మాట నిజమే. అందుకని సాయంకాలములు మా వారి యొద్దకు వచ్చి చదువుకొనుచున్నది. గాజులు తల్లి చేతులకే యున్నవి.

నాడు నాకు తోచినదిది: తన చేతితో ఒక్క గ్రాఫు గీచిన యాడుది పరుల గ్రాఫునకు మోసపోదు. కావున గీయు పద్ధతి చెప్పెదను.

ఈ విద్య మిక్కిలి పురాతనమైనది కాదు. స్కాట్లండు దేశీయుడగు విలియం ప్లేఫెయిర్ 1786లో ప్రకటించిన గ్రంథమున వర్తకపు లెక్కలను గీతలతోను, నిలువు పట్టీలతోను చూపెను. 1801లో వృత్తమును ముక్కలుగా కోసి చూపెను. నేడు మనము చూచు గ్రాఫులలో పెక్కింటికి ఇవియే మాతృకలు. వర్తకుల చేతిలోని యీ సాధనమును ప్రాణములు కాపాడుటకు వినియోగించినవారిలో నొక స్త్రీ ప్రసిద్ధురాలు. ఆమె ఫ్లారెన్స్ నైటింగేలు. క్రిమియా యుద్ధమున సైనికులకు పరిచర్య చేసి వచ్చిన పిదప, 1858లో ఆమె యొక చిత్రమును ప్రకటించెను. పూవు రేకులవలె నున్న ఆ చిత్రమున ఒక్కొక్క రేకు ఒక్కొక్క మాసము. గాయములవలన మరణించినవారు ఎఱ్ఱరంగు; శుభ్రత పాటించినచో ఆపదగిన రోగములవలన మరణించినవారు నీలిరంగు. నీలిరంగు ముందు ఎఱ్ఱరంగు చాల చిన్నది. శత్రువు తుపాకికంటె మురికియే ఎక్కువమందిని చంపెనని, పొడుగాటి పట్టికలు చదువుటకు ఓపికలేని ప్రభువులకుకూడ ఒక్క చూపున తెలిసినది.

ఇక మన యింటి పని. మా భవనమున పన్నెండు కాపురము లున్నవి. ఇక్కడి బోరుబావులు వేసవిలో ఎండుట మీలో చాలమంది యెరిగినదే. గత సంవత్సరము నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పుడెల్ల వంటయింటి క్యాలెండరుపై నేనొక గుర్తు పెట్టితిని. సంవత్సరాంతమున లెక్కింపగా జనవరిలో 2, ఫిబ్రవరిలో 3, మార్చిలో 6, ఏప్రిలులో 9, మేలో 11, జూనులో 7, జూలైలో 3, ఆగష్టులో 1, సెప్టెంబరు అక్టోబరులలో సున్న, నవంబరులో 1, డిసెంబరులో 1. మొత్తము 44. వీనినే బడి పుస్తకములలో దత్తాంశ మందురు.

దీనిని గీయు విధానము:

మొదట గళ్ళ కాగితమున ఎడమచేతి వైపు క్రిందిమూల నొక చుక్క పెట్టవలెను. దానికి మూలబిందువని పేరు. సున్న దాని స్థానము. అక్కడినుండి కుడికి అడ్డగీత యొకటి, పైకి నిలువుగీత యొకటి గీయవలెను. అడ్డగీతపై సమదూరములలో పన్నెండు మాసములను వ్రాయవలెను. ఏ మాసమును విడువరాదు. ట్యాంకరు రాని మాసమునకును చోటుండవలెను; సున్నయు ఒక సమాచారమే.

పిమ్మట నిలువుగీతకు కొలత నిర్ణయింపవలెను. లెక్కలో పెద్ద యంకె 11 కనుక, ఒక్కొక్క గడి ఒక్కొక్క ట్యాంకరుగా పన్నెండు గడులు చాలును. ఈ కొలతకే స్కేలని పేరు. కొలత నడుమ మార్చరాదు. క్రింద గడికి ఒకటి, పైన గడికి రెండు అని పెట్టినచో అది దొంగ త్రాసు.

తరువాత ప్రతి మాసమునకు ఎదురుగా, దాని యంకె యెత్తున చుక్క పెట్టి, చుక్కలను వరుసగా పుల్లతో కలుపవలెను. చివరకు పైన పేరు వ్రాయవలెను: ఇది దేని లెక్క, ఏ సంవత్సరము, ఎవరు లెక్కించినది. పేరు లేని గ్రాఫు చిరునామా లేని జాబు వంటిది.

గీత పూర్తికాగానే, పన్నెండంకెలలో నాకు కానరానిది కంటబడినది. గీత మార్చినుండి గుట్టవలె లేచి, మేలో శిఖరమెక్కి, జూలైలో దిగిపోయినది. మార్చి మొదలు జూను వరకు నాలుగు నెలల ట్యాంకర్లు 33. అనగా ఏడాది వ్యయమున ముప్పాతిక ఆ నాలుగు నెలలదే! భవనపు సభలో "ప్రతి యేడును ఇంతే గదా" అని పెదవి విరచు పెద్దలు ఆ కాగితమును చేతికిచ్చినపుడు ఊరకుండిరి. వానలకు ముందే ఇంకుడుగుంతను పూడిక తీయించుటకు ఒప్పుకొనిరి. దానివలన మేలు కలిగెనా లేదా యనునది వచ్చు వేసవి గీతను, అదే కొలతతో, ఈ గీత ప్రక్కన గీచి చూచిన పిదపనే చెప్పవలెను. ఒక్క యేటి గీతను జూచి గొప్పలు చెప్పరాదు.

గీత యెత్తుకంటె దాని నడక ముఖ్యమైన సందర్భములు కలవు. చంటిబిడ్డల తల్లులు దీనిని తప్పక తెలిసికొనవలెను. అంగన్‌వాడీలో బిడ్డను తూచి, నెలనెలా చుక్క పెట్టు కార్డు కలదు గదా. ఆడుబిడ్డలకు గులాబి, మగబిడ్డలకు నీలి. దానిమీద ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగుల పట్టీలుండును. ఆకుపచ్చలో నున్న బిడ్డ బరువు వయస్సునకు తగియున్నది, పసుపులో తక్కువ, నారింజలో మిక్కిలి తక్కువ. "మా బిడ్డ పచ్చలోనే యున్నది, భయము లేదు" అని కొందరు కార్డును పెట్టెలో దాచుదురు. అది చాలదు. బిడ్డ గీత పట్టీలతోపాటు పైకెక్కుచుండవలెను. పచ్చలోనే యుండియు గీత యెక్కుట మాని అడ్డముగా సాగినచో, బిడ్డ పెరుగుట ఆగినదన్నమాట. అది పసుపులోనికి దిగువరకు కాచియుండక వెంటనే వైద్యునికి చూపవలెను. తల్లి కంటికి నిన్నటి బిడ్డ నేటి బిడ్డ ఒక్కటిగనే యుండును. గీత యట్లు కాదు.

ఏ ప్రశ్నకు ఏ చిత్రమో యెరుగుటయు నవసరము. కాలముతో మారునది చూపుటకు గీత. వేరువేరు వస్తువులను పోల్చుటకు నిలువు పట్టీలు. బడిలో వీనిని కమ్మీ చిత్రమందురు. ఒక్క మొత్తమున ఎవరి వాటా యెంతయో చూపుటకు వృత్తము. నూరు రూపాయల సంసార వ్యయమున అద్దె 30, వెచ్చములు 25, పిల్లల చదువు 20, ప్రయాణము 10, తక్కినవి 15 అనుకొందము. వృత్తమునకు 360 డిగ్రీలు కనుక రూపాయికి 3.6 డిగ్రీల చొప్పున ఆ ముక్కలు వరుసగా 108, 90, 72, 36, 54 డిగ్రీలగును. అయిదారు ముక్కలకు మించి కోసినచో ఏది పెద్దదో కంటికి తెలియదు.

సున్న విషయమున నొక మెలకువ. పట్టీకి దాని పొడవే మాట. కావున పట్టీలు సున్ననుండియే లేవవలెను. గీతకు ఆ నియమము ఎల్లవేళల లేదు. జ్వరముతో నున్న బిడ్డ వేడిమి 98 నుండి 103 డిగ్రీల నడుమ నాడును. దానిని సున్ననుండి గీచినచో జ్వరమే కానరాదు! అక్కడ 95 నుండి మొదలుపెట్టుటయే న్యాయము. కాని మొదలెక్కడో స్పష్టముగా వ్రాయవలెను.

ఇంటి గ్రాఫు తెలిసినచో ఊరి గ్రాఫునుకూడ చదువవచ్చును. మా డాబా నుండి కనబడు సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమయ్యెను. ప్రభుత్వపు లెక్కల ప్రకారము తెలంగాణ ఐ.టి. ఎగుమతులు 2013-14లో 57,258 కోట్ల రూపాయలు. 2022-23లో 2,41,275 కోట్లు. ఉద్యోగులు అప్పుడు 3,23,396 మంది. పిమ్మట 9,05,715 మంది. ఈ రెండింటి గీతలును పైకే పోవును. చూచుటకు కన్నుల పండువుగా నుండును. అయితే ఎగుమతులు నాలుగింతలు దాటగా ఉద్యోగములు మూడింతలకు లోపు. మరియు ఎగుమతుల సొమ్ము చాలవరకు డాలర్లలో వచ్చును. డాలరు ధర తొలియేట సుమారు 60 రూపాయలు, తుదియేట సుమారు 80. కావున రూపాయల గీత ఎక్కిన ఎత్తులో కొంత పనిది కాదు, డాలరుది. ఇది యా వృద్ధిని తక్కువ చేయుట కాదు; ఉన్నంత చూచుట.

కావున ఏ గ్రాఫు కంటబడినను నాలుగు ప్రశ్న లడుగుడు. పాదమున నేమున్నది? కొలత యంతటను సమానమేనా? ఎంతమందిని లెక్కించిరి? ఎవరిని విడిచిరి? ఈ నాలుగింటికిని సమాధానము చెప్పగల గ్రాఫును నమ్మవచ్చును.

ముగింపునకు ముందొక మాట. గచ్చిబౌలి ప్రాంతమున ప్రొఫెసర్ సి. ఆర్. రావు రోడ్డు కలదు. హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఆవరణలో వారి పేర నొక గణిత, సాంఖ్యక శాస్త్ర సంస్థయు కలదు. ప్రతిదినము వేలమంది ఐ.టి. ఉద్యోగులు ఆ దారిని పోవుదురు. ఆ రావుగారు, కల్యంపూడి రాధాకృష్ణారావుగారు, 1920లో హడగళిలో ఒక తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, లెక్కలనుండి సత్యమును తీయు శాస్త్రమున జగద్విఖ్యాతులైరి. 2023లో ఆ శాస్త్రపు అంతర్జాతీయ బహుమానమునంది, ఆ సంవత్సరమే ఆగష్టులో నూటరెండేండ్ల వయస్సున కీర్తిశేషులైరి. వారు తమ గ్రంథమొకదానిని తల్లి లక్ష్మీకాంతమ్మగారికి అంకితమిచ్చిరి. బాల్యమున ప్రతిదినము వేకువను నాలుగు గంటలకు తమ్ము లేపి, చదువుకొనుటకు నూనెదీపము వెలిగించిపెట్టిన తల్లియని ఆ యంకితమున ఆమెను స్మరించిరి.

ఆ దారిని పోవునపుడెల్ల నాకు రావుగారికంటె ముందు ఆ దీపమే జ్ఞప్తికి వచ్చును. దీపము వెలిగించుట మన చేతి పని. వెలిగించిన పిదప, ఆ వెలుతురున మనముకూడ కొంచెము చదువుకొనుట మన హక్కు.

ఈ మాసమున మీ యింటి లెక్క నొకదానిని, పాలో, కరెంటో, బియ్యమో, ఏదైన నొకదానిని ఎంచుకొని గళ్ళ కాగితముమీద గీచి చూడుడు. మొదటి గీత వంకరపోయినను చింతలేదు. నా మొదటి ముగ్గును అట్లే యుండెను. వచ్చు మాసమున సగటు అనుదానిని గూర్చియు, అది మనల నెట్లు మభ్యపెట్టునో దానిని గూర్చియు ముచ్చటించుకొందము.

ఇట్లు,
మీ సోదరి